పదిహేను వందల కిలోల టేకు చేప

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో దిగగానే కనిపించేవి వీటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలే. బూడిద లారీలను తప్పించుకుంటూ ఒక ప్రభుత్వ హైస్కూలుకు చేరాను. అక్కడి లెక్కల టీచరు పద సమస్యలు సొంతంగా తయారు చేస్తారని విని, పదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

బోర్డు మీద లెక్క ఇది: మచిలీపట్నం దగ్గరి గిలకలదిండిలో 1500 కిలోల టేకు చేపను క్రేనుతో ఎత్తారు. కొక్కెం నుంచి రెండు తాళ్లు దిగాయి. ఒక్కోటి అడ్డంగా ఉన్న గీతకు 30 డిగ్రీల కోణంలో ఉంది. ఒక్కో తాడు మీద ఎంత బరువు?

చేప కల్పితం కాదు. 2024లో మచిలీపట్నం జాలర్లకు చిక్కింది, చెన్నై వ్యాపారులు కొన్నారు. లెక్కలను మనకు తగ్గట్టు మలచుకోవడం కొత్తేమీ కాదు. పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన కూడా మూలంలోని ఉదాహరణలను తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. రైళ్లూ, స్తంభాల నీడలతో నిండిన మన పుస్తకాలకు ఆ చొరవ కొంచెం అంటితే బాగుండును.

"సగం సగం, 750!" అని నాలుగైదు గొంతులు లేచాయి. టీచరు అవునని గానీ కాదని గానీ అనలేదు. పుస్తకాల సంచికి రెండు తాళ్లు కట్టి ఇద్దరు అబ్బాయిల చేతికిచ్చారు. దగ్గరగా నిలబడి ఎత్తితే తేలిగ్గా లేచింది. దూరం జరిగే కొద్దీ ఇద్దరి చేతులూ వణికాయి. అప్పుడు సైన్ పట్టిక తీశారు. సైన్ 30 అంటే అర. సగం బరువు 750ని దానితో భాగిస్తే ఒక్కో తాడు మోసేది పూర్తిగా 1500! అదే 60 డిగ్రీలైతే 866 చాలు. క్రేను పనివాళ్లు తాళ్లు పొడుగ్గా వదిలేది అందుకే.

చాలా చోట్ల పాఠం ఇక్కడే ముగుస్తుంది. ఇక్కడ ఏటి ఒడ్డున ఫెర్రీ వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు లేచాడు. "టీచర్, అప్పటికి చేప నీళ్లలో ఉందా, గట్టు మీదుందా?"

అసలు లెక్క అదే. నీళ్లలో ఉన్నంతసేపూ చేప బరువును దాదాపు నీరే మోస్తుంది. తాళ్లకు తెలిసేది అది నీళ్లలోంచి బయటికి లేచాకే.

అక్కణ్ణుంచి మాట ప్రకాశం బ్యారేజీ మీదికి పోయింది. 2024 సెప్టెంబరు వరదలో, 11.43 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వచ్చినప్పుడు, ఇనుప బోట్లు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఇరుక్కున్న సంగతి ఈ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కోటి 40 టన్నులని పేపర్లు రాశాయి. 50 టన్నుల క్రేన్లు కదిలించలేకపోయాయి. కాగితం మీద యాభై నలభై కన్నా పెద్దదే కదా!

లెక్క వేశారు. ఇనుము నీటికన్నా 7.85 రెట్లు బరువు. నీరు మోసిపెట్టేది 5 టన్నులు, మిగిలేది 35. అందులో చేరిన నీరు, ఇసుక, ప్రవాహపు ఒత్తిడి వేరు. పైగా క్రేను చెయ్యి చాచే కొద్దీ దాని సత్తా పడిపోతుంది. 50 అన్నది దగ్గరగా ఎత్తినప్పటి మాట. చివరికి రెండు పెద్ద పడవలను ఇనుప గడ్డర్లతో కలిపి, వాటి తేలే బలంతోనే మునిగినవాటిని లేపి లాగారు.

టీచరు కొత్త లెక్క రాశారు: చేప సగం నీళ్లలో, సగం బయట. తాళ్లు 60 డిగ్రీలు. ఒక్కో తాడు మీద ఎంత?

"433!" అంది ముందు బెంచీ అమ్మాయి.

"సగం అంటే పొడవులో సగమా?" ఫెర్రీ పిల్లవాడు వదల్లేదు. "టేకు తోక సన్నం టీచర్. తోక బయటికొచ్చినా బరువేం పెరగదు."

"మరి పొడవు కాకపోతే ఏం కొలవాలిరా?"

"బయటికొచ్చినదాని ఘనపరిమాణం," అని వాడనేలోపే, అంత చేపను ఏ తొట్టిలో ముంచుతావని వెనక నుంచి ఇంకొకడు తగులుకున్నాడు.