మాఘఫాల్గుణముల వాతావరణ సూచన

శివరాత్రికి చలి శివశివా యనుచు వెడలిపోవునని పెద్దలందురు గాని, అది ఒక్కనాట పోవునది కాదు. మాఘము నడుమనుండి ఫాల్గుణము వఱకు పోయినట్లే పోయి మరల వచ్చుచు, తెల్లవాఱుజామున ఆదిలాబాదు పల్లెలలో నెగళ్లు వేయించి, ఆనాటి మధ్యాహ్నముననే కర్నూలు వీథులలో జనులచేత నీడలు వెదకించుచుండును. వాతావరణ సూచన వ్రాయువారికి తుపాను దినములకంటె ఈ దినములే కఠినమైనవని నా నమ్మకము. తుపాను సముద్రముమీద పుట్టి దినముల తరబడి నడచి వచ్చును గనుక దాని జాడ ముందుగనే దొరకును. ఈ కాలపు వానయో, మధ్యాహ్నము పుట్టి, సాయంకాలము కురిసి, రాత్రికి మాయమగును.

మబ్బును గాలియు లేని దీర్ఘరాత్రములందు కృష్ణా గోదావరీ డెల్టాల తడినేల తన వేడిమిని విడిచి చల్లబడగా, దానినంటిన గాలిలోని తేమ పొగమంచై ప్రొద్దెక్కువఱకు దారులను కప్పును. దీనిని ముందుగ గుర్తించుట కొంత సులభము. అసలు చిక్కు తెలంగాణమున నున్నది. బంగాళాఖాతమునుండి వచ్చు తేమగాలియు, ఉత్తరమునుండి దిగు పొడిగాలియు ఎచ్చట నెదురుపడునో అచ్చట, నేల ఎండకు కాగియున్నచో, మేఘములు గోపురములవలె లేచి ఉఱుములతో కురియును. ఒక్కొక్కప్పుడు వడగండ్లు పడి మామిడిపూతను నేలరాల్చును. ఆ రెండు గాలులు కలియు రేఖ ఒక్కచోట నిలుచునది కాదు. విశాఖపట్నము, మచిలీపట్నము, హైదరాబాదులలో బెలూనులెగురవేసి పైగాలుల తేమను కొలిచినను, ఏ యూరిమీద మేఘము విచ్చుకొనునో ఉదయమున నెవరు చెప్పగలరు?

అందువలననే సూచనలో “ఒకటి రెండు చోట్ల” అని వినబడును. ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రములలో నూటికి 25కు మించని వానిలోనే వాన పడునని శాస్త్రజ్ఞుల లెక్క. అనగా ముప్పాతిక కేంద్రములలో చినుకు రాలకున్నను సూచన ఫలించినట్లే. తన యూర వాన లేదని దానిని అబద్ధమనుట అన్యాయము.

అయినను గుంటూరు మిరపరైతు కష్టము వేఱు. అతనికి జిల్లాతో పని లేదు. కల్లములో పఱచిన కాయతోనే పని. గుప్పెడు కాయ చెవియొద్ద నూపి, గింజల గలగల విని, ఇంకను రెండెండలు కావలెనని యతడు తలచునపుడే ఈశాన్యమున మబ్బు కమ్మును. తడిసెనా, రంగు చెడిన కాయ తాలులో కలిసి ధర తెగును. తడియకుండ పట్టా కప్పి యుంచెనా, పచ్చి యారని కుప్ప లోపల వేడెక్కి బూజుపట్టును. కప్పుటయు నష్టమే, కప్పకుండుటయు నష్టమే. కావున “ఒకటి రెండు చోట్ల” అన్న మాట అతనికి చాలదు. వాన ఏ జామున రాగలదో, ఎప్పటికి తెఱపియిచ్చునో కూడ కావలెను. ఇప్పుడు రాడారులో మేఘమును చూచి మూడు గంటలకు వర్తించు హెచ్చరికలిచ్చుచున్నారు. పట్టాలు పఱచి, అంచులకు రాళ్లెత్తుటకు కూలీలు దొరికినచో ఆ వ్యవధి చాలును. ఆ హెచ్చరిక పొలములోనున్న మనిషికి ఆ గడియలోనే, అతని మండలము పేరుతో, అతని భాషలో చేరవలెను.