ఇనుముకూ అలసట

గట్టితనానికి ఇనుము మారుపేరు. ధైర్యవంతుణ్ణి ఉక్కుగుండె కలవాడంటారు. పట్టిన పట్టు విడవనివాణ్ణి ఉక్కుమనిషి అంటారు. మనిషి అలసిపోతాడు, కాడి మోసే ఎద్దు అలసిపోతుంది, ఇనుము మాత్రం అలసిపోదని లోకం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం నిలవదని చూపడానికి ఒక సన్నని ఇనుపతీగ చాలు. తీగను ఒక్కసారి వంచితే వంగుతుంది గాని విరగదు. అదే తీగను అదే చోట ముందుకూ వెనక్కూ పదేపదే వంచితే కొంతసేపటికి పుటుక్కున తెగిపోతుంది. చివరిసారి ప్రయోగించిన బలం మొదటిసారి ప్రయోగించినదానికంటే ఎక్కువేమీ కాదు. అయినా మొదటిసారి తట్టుకున్న తీగ చివరిసారి తట్టుకోలేకపోయింది. ఎందువల్ల? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం వెతకడంలో ఎందరో శాస్త్రజ్ఞులు తమ జీవితాలను వెచ్చించారు.

పదేపదే పడే భారానికి లోహం బలహీనపడడాన్ని లోహశ్రాంతి అంటారు. వాడుకమాటలో చెప్పాలంటే అది లోహపు అలసట. మనిషి అలసటకూ దీనికీ పోలిక ఉంది, భేదమూ ఉంది. మనిషి అలసట రాత్రి నిద్రపోతే తీరుతుంది. లోహపు అలసట విశ్రాంతితో తీరదు. నిన్నటి అలసటకు నేటి అలసట కలుస్తుంది. అలసిన ఎద్దు రొప్పుతుంది, నురగలు కక్కుతుంది, అడుగు వెయ్యనని మొరాయిస్తుంది. ఇనుము తన అలసటను చెప్పుకోలేదు. చివరి క్షణం వరకూ చూడడానికి కొత్తదిలాగే ఉంటుంది. అందుచేత దాని మాట విని లోకానికి చెప్పేవారు కావలసివచ్చారు.

ఈ అలసటను తెలుసుకోవడం ఎంత అవసరమో బెంగళూరు నగరానికి తూర్పున ఉన్న హూడిని చూస్తే అర్థమవుతుంది. ఒకప్పుడు అది పల్లెటూరు. నేడు నగరంలో కలిసిపోయింది. అక్కడి వీధుల్లో కన్నడంతోపాటు తెలుగు, తమిళం కూడా వినిపిస్తుంటాయి. ఆ ఊళ్ళో నేలమీద బెంగళూరు నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గం ఉంది. ఎత్తైన స్తంభాల మీద 2023 మార్చిలో మొదలైన మెట్రో మార్గం ఉంది. నైరుతి దిక్కున కొద్దిదూరంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి పాత విమానాశ్రయం ఉంది. రైలు చక్రం ఒకసారి తిరిగినప్పుడల్లా దాని ఇరుసు మీది ప్రతిచోటూ ఒకసారి సాగి, ఒకసారి నొక్కుకుంటుంది. హూడి దాటిన రైలు చెన్నై చేరేలోపల ఒక్కొక్క ఇరుసు లక్షసార్లకు పైగా తిరుగుతుంది. అంటే లక్షసార్లకు పైగా వంచి విడిచిన తీగ వంటిది ఆ ఇరుసు. దాని మీదనే వందలమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఇరుసుల అలసటను లోకం గుర్తించడానికి పెద్ద మూల్యమే చెల్లించవలసివచ్చింది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగివస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పడి నిప్పంటుకున్నాయి. యాభై మందికి పైగా మరణించారు. భారం ఎక్కువై ఇరుసు విరిగిందనుకుందామంటే, అంతకుముందు అది మోసినదీ అదే భారం. నిపుణులకు కారణం అంతుపట్టలేదు.

కొంతకాలానికి జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఈ సమస్యను చేపట్టాడు. ఇరుసు వంటి లోహపు కడ్డీకి భారం తగిలించి, గిరగిర తిప్పే యంత్రాన్ని తయారుచేశాడు. కడ్డీ విరిగేదాకా తిప్పడం, ఎన్నిసార్లు తిరిగి విరిగిందో లెక్కవేయడం, భారం తగ్గించి మరొక కడ్డీ తిప్పడం, ఇదే ఆయన పని. 1850 తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన ఈ పని మీదనే ఉన్నాడు. ఒక్కసారి మోపితే ఏమీ చేయలేని చిన్న భారం కూడా అనేకసార్లు మోపితే లోహాన్ని విరగగొడుతుందని ఆయన నిరూపించాడు. భారం తగ్గినకొద్దీ లోహపు ఆయుర్దాయం పెరుగుతుందనీ, ఒక హద్దుకు లోపల ఉన్న భారాన్ని ఇనుము ఎన్నిసార్లయినా మోయగలదనీ చూపించాడు. నేటికీ ఇరుసుల కొలతలను ఆ హద్దును దృష్టిలో ఉంచుకునే నిర్ణయిస్తారు.

తర్వాత వచ్చిన సూక్ష్మదర్శినులు లోపలి సంగతి బయటపెట్టాయి. లోహం కంటికి ఒకే ముద్దగా కనిపించినా, నిజానికి సన్నని రేణువుల కూర్పు. భారం పడి తొలగినప్పుడల్లా కొన్ని రేణువులలోని పొరలు కొద్దిగా జారుతాయి. కొంతకాలానికి అక్కడ వెంట్రుకకంటే సన్నని పగులు పుడుతుంది. ఆ తర్వాత పడిన ప్రతి భారానికీ అది మరికొంచెం సాగుతుంది. అట్లా సాగినచోట ఒక్కొక్క గీత మిగులుతుంది. చెట్టు మొద్దు మీది వలయాలను చూసి దాని వయసు చెప్పినట్లు, విరిగిన లోహపు ముక్క మీది గీతలను చూసి పగులు ఎక్కడ మొదలైందో, ఎట్లా పెరిగిందో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారు. బతికి ఉండగా మాట్లాడని లోహం విరిగిన తర్వాత తన కథంతా చెబుతుంది. ఆ కథను ముందుగా వినడమే పరిశోధన లక్ష్యం.

అది తేలికైన పని కాదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. లోహశ్రాంతి విషయంలో ఒక్క మెతుకు చాలదు. ఒకే కొలిమిలో కరిగించి, ఒకే అచ్చులో పోసి, ఒకే కొలతకు చెక్కిన రెండు కడ్డీలు కూడా ఒకే లెక్క దగ్గర విరగవు. ఒకటి లక్షసార్లకు విరిగితే, రెండవది మూడు లక్షలసార్లు నిలవవచ్చు. కంటికి కనబడని చిన్న గీటు, లోపల చిక్కుకున్న మలినపు నలుసు, ఆ తేడాకు కారణం కావచ్చు. అందువల్ల ఒక్క సంగతి తేల్చడానికి పదుల కడ్డీలను విరగగొట్టవలసి ఉంటుంది. సెకనుకు 50 సార్లు భారం మోపే యంత్రం మీద కూడా కోటిసార్లు పూర్తికావడానికి రెండు రోజులకు పైగా పడుతుంది. అంతవరకూ వేచి ఉండే ఓర్పు పరిశోధకునికి ఉండాలి. తొందరపడి చెప్పిన ఒక్క అంకెకు ఎవరో ఎక్కడో ప్రాణంతో విలువ చెల్లించవలసివస్తుంది.

విమానాల యుగంలో ఈ సమస్య మరింత జటిలమైంది. విమానం తేలికగా ఉండాలని అల్యూమినియం మిశ్రమలోహాలను వాడారు. ఇనుముకు ఉన్నంత స్పష్టమైన హద్దు అల్యూమినియానికి లేదు. భారం చిన్నదైనా, చాలినన్నిసార్లు పడితే అది ఎప్పటికైనా విరుగుతుంది. బ్రిటన్‌లో తయారైన కోమెట్ విమానం 1952లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టింది. జెట్ ఇంజన్లతో నడిచిన మొదటి ప్రయాణికుల విమానం అదే. 1954 జనవరి 10న ఒక కోమెట్ ఇటలీ దగ్గర ఆకాశంలోనే ముక్కలై సముద్రంలో పడింది. 35 మంది మరణించారు. అదే ఏడు ఏప్రిల్ 8న మరొకటి పడి 21 మంది మరణించారు. శాస్త్రజ్ఞులు ఒక కోమెట్ విమానపు దేహాన్ని పెద్ద నీటితొట్టిలో ఉంచారు. పైకి ఎగిరినప్పుడు ఉబ్బి, కిందికి దిగినప్పుడు సడలే విధంగా లోపలి పీడనాన్ని మళ్ళీమళ్ళీ పెంచి తగ్గించారు. సుమారు 3,000 ప్రయాణాలకు సమానమైన అలసట కలిగేసరికి దాని దేహం చీలింది. తెరపుల మూలల దగ్గర పగుళ్ళు పుట్టాయని తేలింది. ఆ పాఠం నేర్చుకున్న తర్వాతనే విమానాల నిర్మాణ పద్ధతులు మారాయి.

అదే కాలంలో అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒక భారతీయుడు లోహశ్రాంతి మీద పరిశోధన చేస్తున్నాడు. ఆయన పేరు సీతారాం రావు వల్లూరి. ఆయన ఇంటిపేరు తెలుగువారికి పరిచయమైనదే. వేడిమి, భారం మోపే వేగం లోహపు అలసటను ఎట్లా మారుస్తాయో వివరిస్తూ ఆయన రాసిన పత్రాన్ని 1957లో అమెరికా విమానయాన సలహాసంఘం ప్రచురించింది. ఆ సంఘమే మరుసటి ఏడు నాసాగా మారింది. తర్వాత వల్లూరి స్వదేశానికి తిరిగివచ్చారు. హూడికి పడమరగా, పాత విమానాశ్రయపు రోడ్డు మీద ఉన్న జాతీయ వైమానిక ప్రయోగశాలకు 1965 నుంచి 1984 వరకు డైరెక్టరుగా పనిచేశారు. 1959లో స్థాపించిన ఆ ప్రయోగశాలలో విమాన నిర్మాణాలను మొత్తంగా నిలబెట్టి, జాకీలతో వాటి రెక్కలను వంచి విడుస్తూ పరీక్షించే శాల ఏర్పడింది. ఆకాశంలో ఏళ్ళతరబడి కలిగే అలసటను అక్కడ నేలమీదనే, నెలలలోనే కలిగిస్తారు. విమానం ఎన్ని గంటలు ఎగరవచ్చునో, ఎప్పుడు ఏ భాగాన్ని పరిశీలించాలో చెబుతారు. విరిగిన భాగాలను చదివి కారణం చెప్పే నిపుణులు కూడా ఆ ప్రయోగశాలలో ఉన్నారు.

తేలికపాటి యుద్ధవిమానాన్ని రూపొందించడానికి 1984లో బెంగళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడినప్పుడు దానికి తొలి డైరెక్టర్ జనరల్ వల్లూరే. తర్వాత ఒడిశాలోని బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ ఆ విమానపు రూపకల్పనకు నాయకత్వం వహించారు. 2001 జనవరి 4న అది బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. తర్వాత దానికి తేజస్ అని పేరు పెట్టారు. ఆ విమాన నిర్మాణపు బరువులో సుమారు 45 శాతం లోహం కాదు. సన్నని కార్బన్ పోగులను జిగురుతో పొరలుపొరలుగా అతికించి, వేడిమిలో, పీడనంలో గట్టిపరచిన మిశ్రమ పదార్థం. లోహంలాగా అది సులభంగా అలసిపోదు. కాని దానికి వేరే బాధ ఉంది. ఒక పనిముట్టు జారిపడితే పైకి మచ్చయినా కనబడకుండా లోపలి పొరలు విడిపోవచ్చు. అందుకని చెవికి వినబడని ధ్వని తరంగాలను లోపలికి పంపి, వాటి ప్రతిధ్వనిని బట్టి లోపాన్ని పట్టుకుంటారు. ఒక ప్రశ్నకు జవాబు దొరికితే మరొక ప్రశ్న తలెత్తడం పరిశోధనలో సహజం.

ఈ ధ్వని తరంగాల పరీక్ష రైళ్ళకూ ఉంది. వెనుకటి రోజుల్లో రైలు ఆగగానే ఒక పనివాడు పొడవాటి పిడి ఉన్న సుత్తితో ఒక్కొక్క చక్రాన్ని తట్టుకుంటూ వెళ్ళేవాడు. చక్రం ఖంగుమని మోగితే క్షేమం. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుందని అర్థం. సంతలో కుండ కొనే ఇల్లాలు వేలితో కొట్టి చూసేదీ ఇందుకే. హూడికి వాయవ్యంగా యలహంకలో 1984లో ప్రారంభమైన రైలు చక్రాల కర్మాగారంలో చక్రాలూ, ఇరుసులూ తయారవుతాయి. అక్కడ ఇరుసులను ధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. సుత్తి స్థానంలో యంత్రం వచ్చింది గాని, లోహాన్ని మాట్లాడించి వినడమనే ఉపాయం మాత్రం అదే.

వంతెన కట్టినవాని పేరు శిలాఫలకం మీద ఉంటుంది. విమానం నడిపినవాని చిత్రం పత్రికల్లో వస్తుంది. లోహపు అలసటను పరిశోధించినవానికి అటువంటి గుర్తింపు అరుదు. విరగవలసిన ఇరుసు విరగకపోతే అది వార్త కాదు. జరగని ప్రమాదాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు. ఎవరు బతికారో వారికీ తెలియదు, ఎవరు బతికించారో వారికీ తెలియదు. అయినా ప్రయోగశాలలో యంత్రం తిరుగుతూనే ఉంటుంది, కడ్డీలు విరుగుతూనే ఉంటాయి, పక్కన ఒకరు లెక్క రాసుకుంటూనే ఉంటారు. హూడి మీదుగా రోజూ ఎందరో ప్రయాణిస్తారు. కిటికీ పక్కన కూర్చున్నవారు బయటికి చూస్తారు, పుస్తకం చదువుకుంటారు, పిల్లలను నిద్రపుచ్చుకుంటారు. కిందనున్న ఇరుసు గురించి ఎవరికీ బెంగ ఉండదు. ఆ బెంగంతా ముందే పడి ఉంచినవారు కొందరున్నారు.