ఎన్ని మార్కులని కాదు, ఎంత ముందుకని

పదో తరగతి ఫలితాలొస్తే చాలు, మా సుల్తాన్‌పూర్ చుట్టుపక్కల ఎటు చూసినా ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీలే. అవి చూసి "సర్కారు బడిలో చదువేముంటుంది?" అనేస్తాం.

మా వీధిలో అద్దెకుండే ఒడిశా వాళ్ల పాప జూన్‌లో సర్కారు బడిలో చేరింది. అప్పటికి తెలుగు ఒక్క ముక్క రాదు. మార్చికల్లా మా గుమ్మంలో కూర్చుని రెండో తరగతి వాచకం కూడబలుక్కుని చదివింది. పరీక్షలో నలభై మార్కులే రావచ్చు. తొంభైతో చేరి తొంభై రెండుకొచ్చిన పిల్లాడి బడి గొప్పదా, ఈ బడి గొప్పదా? మీరే చెప్పండి.

అంగన్‌వాడీలో బిడ్డను తూచి, పోయిన నెలకంటే ఎంత పెరిగిందో చూస్తారు కదా. బడికీ ఆ తూకమే ఉండాలి.

ఇదేం కొత్త మాట కాదు. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్, నిజామాబాద్, కడప, నెల్లూరు, విశాఖ జిల్లాల సర్కారు బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల సగటు మార్కులు ఏడాదిలో ఎంత పెరిగాయో చూసి టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ పిల్లలు లెక్కల్లో, తెలుగులో బోనస్ లేని బడుల వాళ్లను దాటారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా!

ఈసారి బడి చూడ్డానికి వెళ్తే టాపర్ ఎవరని అడగొద్దు. వెనకబడి వచ్చిన పిల్లల్ని ఏడాదిలో ఎక్కడిదాకా తెచ్చారో అడుగుదాం. ఆ పిల్లల నోట్‌బుక్కులు తీసి చూపించే టీచరుంటే, అది ఏ బడైనా మంచి బడే.