పండుగ నెలలో కాళ్లకు సెలవు ఇవ్వవద్దు



డిసెంబరు మొదటి వారంలో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఆ తరువాత కేరల్స్, యూత్ క్రిస్మస్, స్త్రీల సమాజం క్రిస్మస్, 25న ఆరాధన, ప్రేమ విందు, 31 రాత్రి వాచ్ నైట్. అక్కడితో అయిపోదు. జనవరిలో సంక్రాంతికి పక్కింటివారు అరిసెలు, జంతికలు పళ్లెం నిండా పంపిస్తారు. మొత్తం కలిపితే ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో మనం ఒక్కపూట కూడా మానకుండా చేసేది భోజనం. అందరికంటే ముందు మానేసేది నడక. "పండగ వెళ్లాక మొదలుపెడతాను అయ్యగారూ" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయను, మీకు తెలుసు. ఒకప్పుడు కేరల్స్‌కి స్టార్ మోసింది ఆయనే. మూడేళ్ల క్రితం ఆ రౌండ్స్‌లోనే చెప్పులు లేని కాలికి ఏదో గుచ్చుకుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిపోయింది కాబట్టి ఆయనకు తెలియనే లేదు. తెల్లవారి చాప మీద రక్తం చూసి ఇంటివాళ్లు చెప్పారు. జనవరి నెలాఖరుకు రెండు వేళ్లు తీసేశారు. ఈ సంగతి రాయమన్నది ఆయనే. "నా వేళ్ల సంగతి చెప్పండి అయ్యగారూ, నన్ను చూసైనా కుర్రాళ్లు వింటారు" అన్నారు. అందుకే ఈ నెల మాటలు శరీరం గురించి.

షుగర్ పట్నం వాళ్ల జబ్బు అని మనలో చాలామంది ఇంకా అనుకుంటారు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన పరిశీలన 2023లో వెలువడింది. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉందని అందులో తేలింది. దాని అంచున ఉన్నవారు 13 కోట్లకు పైనే. మన పల్లెల్లో బ్రతుకు ఎలా మారిందో చూడండి. వరికోత యంత్రం కోస్తుంది. నీళ్లు ఇంటి ముందు కుళాయిలో వస్తాయి. అర కిలోమీటరు దూరంలో ఉన్న గుడికి కూడా ఆటో కోసం చూస్తాం. మా నాన్నగారు చేతిసంచిలో బైబిలు పెట్టుకొని గట్ల మీద నడిచి నాలుగు ఊళ్లు తిరిగి ప్రార్థనలు పెట్టేవారు. నేను అవే నాలుగు ఊళ్లు బండి మీద తిరుగుతాను. అన్నం మాత్రం నాన్నగారు తిన్నంతే తింటాను.

పండుగలో పెరిగే బరువు మీద అమెరికాలో 195 మందిని గమనించిన పరిశోధన ఒకటి 2000లో అచ్చయింది. వారు పెరిగింది సగటున అర కిలో కంటే తక్కువే. "అంతేనా!" అంటారేమో. కానీ ఆ పెరిగిన బరువు పండుగ వెళ్లాక కూడా తగ్గలేదు. ఏటేటా ఆ కొంచెమే పోగుపడితే పదేళ్లలో నడుము చుట్టూ ఏమి చేరుతుందో లెక్క మీరే వేసుకోండి.

మరి ఏమి చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి శ్రమ చెబుతుంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజుల చురుకైన నడక అన్నమాట. ఎంత చురుకుగా నడవాలో తెలుసుకోవడానికి మన కేరల్స్ జట్టుకు సరిపోయే కొలత ఒకటుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. హాయిగా పాడగలుగుతున్నామంటే ఇంకాస్త వేగం పెంచాలి. వారానికి రెండు రోజులైనా కండకు బలమిచ్చే పని కూడా ఉండాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి నెట్టడం ఇంట్లోనే చేసుకోవచ్చు. విందు అయ్యాక మంచం ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే, కదిలే కండలు రక్తంలోని చక్కెరను తమ పనికి వాడుకుంటాయి. బిరియాని తిన్న పూట ఇది మరీ అవసరం.

ఇక్కడ పాస్టరుగా నా ఇబ్బంది ఒకటి చెప్పాలి. కేరల్స్‌కి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ టీ, కేకు, అరటిపండు పెడతారు. ఒక విధవరాలు ఆ రోజు కూలి డబ్బుతో కొన్న కేకు ముక్కను నా చేతిలో పెడితే, షుగర్ అని వెనక్కి ఇవ్వడానికి నాకు చేతులు రావు. ఆమె ఇచ్చేది కేకు కాదు, ప్రేమ. అందుకని చిటికెడు నోట్లో వేసుకొని ప్రార్థన చేసి, మిగతాది ఆ ఇంటి పిల్లలకే పెడతాను. టీలో పంచదార వద్దని ముందే కబురు చెబుతాను. బండి గుడి దగ్గరే వదిలి ఇంటింటికీ నడుస్తాను. అలా ఏ ఇంటి ప్రేమనూ కాదనకుండా నా ఒంటి సంగతి కూడా చూసుకోగలుగుతున్నాను.

ఒక సహోదరుడు నాతో అన్నాడు, "అయ్యగారూ, శరీర సాధన వల్ల లాభం కొంచెమే అని పౌలు తిమోతికి రాశాడు కదా!" రాశాడు. భక్తి దానికంటే గొప్పది అని చెప్పడానికి రాశాడు. కొంచెం అన్నాడు గానీ అసలు లేదనలేదు. ఆ పౌలే ఏమి చేశాడో అపొస్తలుల కార్యముల 20వ అధ్యాయంలో చూడండి. త్రోయలో తెల్లవారేదాకా బోధించాడు. తోటివారంతా ఓడ ఎక్కితే, తాను మాత్రం అస్సుకు కాలినడకన బయలుదేరాడు. అది 30 కిలోమీటర్లకు పైనే. వాచ్ నైట్ అయ్యాక మనలో ఎంతమంది ఇంటిదాకా నడుస్తున్నాం?

మొదటి క్రిస్మస్ కూడా ప్రయాణాల క్రిస్మసే. నజరేతు నుండి బేత్లెహేముకు 100 కిలోమీటర్లకు పైగా దూరం. మరియమ్మ గాడిద మీద వెళ్లినట్టు మన పిల్లల నాటికల్లో చూపిస్తాం. సువార్తలో గాడిద మాటే లేదు. గొర్రెల కాపరులు మంద దగ్గర నుండి త్వరగా వెళ్లారు. ఎవరూ కూర్చున్నచోటనే ఉండి ఆ శిశువును చూడలేదు.

కొన్ని జాగ్రత్తలు. రాత్రి కేరల్స్‌కి చెప్పులు, టార్చి లేకుండా ఎవరూ రావద్దు. షుగర్ ఉన్నవారు పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి, కనబడకపోతే ఇంట్లోవారితో చూపించుకోండి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు నూతన సంవత్సర ఉపవాస ప్రార్థనలకు ముందు డాక్టరును అడగండి. మందు వేసుకొని తినకుండా ఉంటే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివారు ఉపవాసం లేకుండా ప్రార్థనలో కూర్చుంటే తక్కువ భక్తి అని ఎవరూ అనుకోవద్దు. నడుస్తుండగా గుండెల్లో నొప్పి గాని, ఆయాసం గాని వస్తే ఆగి వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లండి.

దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని మనం నేర్చుకున్నాం. పండుగకు గుడికి సున్నం వేస్తాం, రంగు కాగితాలు కడతాం, సీరియల్ బల్బులు వేలాడదీస్తాం. ఈ మట్టి గుడిని కూడా అలాగే చూసుకుందాం.

డిసెంబరు 1 నుండి రోజూ ఉదయం ఐదున్నరకు గుడి గేటు దగ్గర నేను, అమ్మగారు ఉంటాం. కాలువ గట్టున లాకుల దాకా వెళ్లి రావడమే. పండుగ రోజు కూడా, సంక్రాంతి నాడు కూడా. ఆ పెద్దాయన కర్ర పట్టుకొని మొదటి కల్వర్టు వరకు వస్తానన్నారు. ఆయన అడుగుకు మన అడుగు కలిపి అక్కడిదాకా మెల్లగా నడుద్దాం, ఆ పైన వేగం పెంచుదాం.

దేవుడు మీకు ఆరోగ్యమును, సమాధానమును దయచేయును గాక. ఆమేన్.