రెండు రాషర్ల ఆదివారం

బేకన్ వేగే వాసనకి నిద్ర లేచిన ఉదయాన్ని మించిన ఉదయం ఉంటుందంటే ఇక నేను ఒప్పుకోను. పొగ, ఉప్పు, కరుగుతున్న కొవ్వు, వాటి వెనకాల ఎక్కడో సన్నని తీపి అన్నీ కలిసి మేడ మెట్లెక్కి వచ్చాయి. కిందికి దిగేసరికి మా అమ్మాయి పెనం మీద రెండు ముక్కలు తిరగేస్తోంది. జానెడు పొడవు, ఎరుపూ తెలుపూ చారలు. అంచులు ముడుచుకుని బంగారు రంగుకి తిరుగుతున్నాయి.

"ఒక్కటి తిని చూడమ్మా. నచ్చకపోతే పక్కన పెట్టెయ్" అంది.

పక్కన పెట్టడమా! మొదట పళ్ల కింద కరకర. వెంటనే ఉప్పు. ఆ వెనకే కొవ్వు నాలుక మీద కరిగి, అసలు మాంసం రుచి బయటపడింది. మింగేశాక కూడా పొగ వాసన కాసేపు ముక్కులో నిలిచింది. పంది మాంసం నాకు కొత్త కాదు. అల్లం వెల్లుల్లి, కారం దట్టించి మెత్తగా ఉడికించిన కూర మా వైపు తిన్నదాన్నే. కానీ ఇందులో మసాలా లేదు, కారం లేదు, మిరియం గింజ కూడా లేదు. ఉప్పు, పొగ, నిప్పు. ఈ మూడింటితోనే ఇంత రుచి పుడుతుందని అరవై ఏళ్లొచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను.

మా అమ్మాయి ఉండే ఇంగ్లండులో, ఉప్పులో ఊరబెట్టిన ఈ పంది మాంసాన్ని బేకన్ అని, దాని ముక్కని రాషర్ అని అంటారు. పంది పొట్ట భాగంలోంచి కోసింది స్ట్రీకీ బేకన్. కొవ్వు చారలు ఎక్కువ, బాగా కరకరలాడుతుంది. నడుం భాగంలోంచి కోసింది బ్యాక్ బేకన్. దాంట్లో గుండ్రటి కండ ఉంటుంది, అంచున మాత్రం కొవ్వు పట్టీ. ఇంగ్లండులో ఉత్తినే బేకన్ అంటే బ్యాక్, అమెరికాలో అయితే స్ట్రీకీ. నా ఓటు స్ట్రీకీకే, ఎందుకో తర్వాత చెబుతాను. పచ్చి మాంసానికి ఉప్పూ కాస్త చక్కెరా రుద్ది రోజుల తరబడి ఊరనిస్తే అది డ్రై క్యూర్. ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, కండ గట్టిపడుతుంది, రుచి చిక్కబడుతుంది. ఆ తర్వాత చెక్క పొట్టు రాజేసి పొగ పెడితే స్మోక్డ్, పెట్టకపోతే అన్‌స్మోక్డ్. ఉప్పుతోపాటు చాలా కొద్దిగా నైట్రైట్ కూడా కలుపుతారు. వేగాక కూడా ఆ గులాబీ రంగు నిలిచేది దానివల్లే. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బుకి కారణమైన విషాన్ని పుట్టించే బాక్టీరియాను పెరగనివ్వనిదీ అదే.

ఇక ఆ వాసన సంగతి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమిల్ మెయార్ 1912లో వర్ణించిన రసాయన చర్య ఒకటుంది. వేడి తగిలినప్పుడు మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి గోధుమరంగు తిరిగి, వందలకొద్దీ కొత్త సువాసనలు పుట్టిస్తాయి. బేకన్‌లో ఇది కరుగుతున్న కొవ్వు మధ్యలో, పొగ పట్టిన మాంసం మీద జరుగుతుంది. ఇల్లంతా లేచి కూర్చోవడానికి కారణం అదే!

ఇంకో అదృష్టం. మా అమ్మాయి వాళ్లుండే చిప్పెన్‌హాం విల్ట్‌షైర్ కౌంటీలో ఉంది. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో కాల్న్ అని చిన్న ఊరు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఐర్లండు పందులు బ్రిస్టల్ రేవులో దిగి లండను దాకా నడిచి వెళ్లేవి. ఆ దారిలో మజిలీ కాల్న్. అక్కడి హారిస్ కుటుంబం వాళ్లు ఆ మందల్లోంచి కొనుక్కుని బేకన్ చేసి అమ్మేవారు. ఇబ్బందల్లా ఎండాకాలమే. చలికాలంలో తప్ప మాంసం ఊరబెట్టడం సరిగ్గా కుదిరేది కాదు. వేసవిలో చేయాలంటే ఉప్పు విపరీతంగా దట్టించాల్సి వచ్చేది. 1847లో జార్జ్ హారిస్ అమెరికా వెళ్లి, అక్కడ మాంసాన్ని మంచుగడ్డలతో చల్లగా ఉంచడం చూశాడు. తర్వాత 1856లో కాల్న్‌లో ఐస్ హౌస్ కట్టారు, 1864లో ఆ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. పైకప్పులో మంచు, కింద మాంసం. దాంతో ఏడాది పొడవునా పని నడిచింది. అంతకన్నా గొప్ప సంగతి, చలువ ఉంది కాబట్టి అంత ఉప్పు అవసరం లేకపోయింది. ఉప్పునీళ్లలో పంది పక్కల్ని ముంచి ఊరబెట్టే విల్ట్‌షైర్ క్యూర్ ఈ కౌంటీ పేరుమీదే లోకానికి తెలిసింది. మెత్తని ఉప్పుదనం దాని గుణం. 1980ల మొదట్లో హారిస్ ఫ్యాక్టరీ మూతపడినా, ఊరి నడిబొడ్డున కంచు పందుల బొమ్మలు ఉన్నాయి. ఒక తిండి వస్తువు ఒక ఊరిని ఇంతగా నిలబెట్టిందంటే నాకు ఎంత ముచ్చటగా ఉందో!

ఎసెక్స్‌లోని గ్రేట్ డన్మో అనే ఊరిది ఇంకా ముచ్చటైన ఆచారం. పెళ్లయ్యాక ఏడాది మీద ఒక రోజు పాటు, ఈ పెళ్లెందుకు చేసుకున్నామా అని ఒక్కసారి కూడా అనుకోని జంటకి ఒక పంది పక్క మొత్తం బేకన్ బహుమతి. పద్నాలుగో శతాబ్దంలో ఆంగ్ల కవి చాసర్ కూడా దీన్ని ప్రస్తావించాడు. ఇప్పటికీ లీపు సంవత్సరాల్లో నిజమైన న్యాయస్థానంలా వాదప్రతివాదాలు పెట్టి మరీ ఇస్తారు. దాంపత్యానికి బంగారు గొలుసు కాదు, బేకన్ బహుమానం!

ఇంత ప్రేమ పుట్టాక రోజూ తినాలనిపించడం సహజం. అక్కడే మా అమ్మాయి నాకు పక్కన కూర్చుని లెక్కలు చెప్పింది. ఆ లెక్కలు నా సంతోషాన్ని తగ్గించలేదు, దానికో పద్ధతి నేర్పాయి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన వాటి జాబితాలో చేర్చింది. పొగాకు కూడా అదే జాబితాలో ఉంది. అలాగని రెండూ ఒకే మోతాదు ప్రమాదమని కాదు. సాక్ష్యం ఎంత గట్టిదో చెప్పే జాబితా అది, ముప్పు ఎంత పెద్దదో చెప్పేది కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని వాళ్ల అంచనా. బ్రిటన్ లెక్కలో చూస్తే, జీవితకాలంలో నూరుమందిలో ఆరుగురికి వచ్చే ఈ జబ్బు, నూరుమందీ రోజూ అంత తింటే సుమారు ఏడుగురికి వస్తుందన్నమాట. ఆ ఏడోవాడు ఎవరింటి మనిషైనా కావచ్చు కాబట్టి నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఆ లెక్కలో "రోజూ" అన్న మాట ఉంది. నా బేకన్ రోజూ కాదు.

ఉప్పు సంగతి కూడా చూడాలి. 100 గ్రాముల బేకన్‌లో దాదాపు 3 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇక్కడ పెద్దవాళ్లకి రోజుకి 6 గ్రాములు దాటొద్దంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపే ఉండమంటుంది. రెండు రాషర్లతోనే ఆ రోజు కోటాలో పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అయిపోతుంది. ఆవకాయా అప్పడాలూ అదే రోజు వద్దన్నమాట. రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి తినాలి. కొవ్వులో దాదాపు సగం ఆలివ్ నూనెలో ఉండే ఒలీయిక్ ఆమ్లం లాంటి రకమే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. ఈ రెండో మాట దాచి మొదటిది మాత్రమే చెప్పేవాళ్లు నాకు నచ్చరు.

మరి ఎంత తినాలి? ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, ఎర్ర మాంసమూ ప్రాసెస్డ్ మాంసమూ కలిపి రోజుకి 90 గ్రాములు మించి తినేవాళ్లని 70కి తగ్గించుకోమంటుంది. నాకు మాత్రం చరిత్రలో ఇంకో కొలత దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో 1940 జనవరి 8న రేషన్ మొదలైంది. మొట్టమొదట రేషన్‌లోకి వెళ్లిన మూడు వస్తువుల్లో బేకన్ ఒకటి. మిగతా రెండూ వెన్న, చక్కెర. బేకన్, హామ్ కలిపి మనిషికి వారానికి 4 ఔన్సులు, అంటే 113 గ్రాములు. ఇళ్లవాళ్లు వంటింటి తొక్కలూ మిగిలిన మెతుకులూ డబ్బాల్లో పోగుచేసి పందులకి పంపేవారు. ఇరుగుపొరుగువాళ్లు సంఘాలు కట్టి పందుల్ని పెంచుకున్నారు. 1954 జూలై దాకా మాంసం మీద రేషన్ పోలేదు. వారానికి నాలుగైదు రాషర్లు! ఒక దేశం మొత్తం అన్నేళ్లు ఇంచుమించు అంతతోనే సరిపెట్టుకుని, అదే బేకన్‌ని అంత ఆరాధించింది. నేను అంతకన్నా ఎక్కువ ఎందుకు అడగాలి?

రోజూ పొద్దున్నే బేకన్, గుడ్లు తినడం అమెరికావాళ్ల అనాది ఆచారమని కూడా అనుకోనక్కర్లేదు. 1920ల్లో బీచ్‌నట్ అనే కంపెనీ తన బేకన్ అమ్ముకోవడానికి ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుణ్ణి పెట్టుకుంది. బరువైన పొద్దుటి తిండి మంచిదేనా అని ఆయన వేలమంది డాక్టర్లని ఉత్తరాల ద్వారా అడిగించాడు. మంచిదేనన్న జవాబులు పత్రికల్లోకెక్కాయి, బేకన్ పళ్లేల్లోకెక్కింది. కాబట్టి ఆదివారానికి మాత్రమే పరిమితం చేసుకుంటే మనం ఏ సంప్రదాయాన్నీ కాదన్నట్టు కాదు.

ఆదివారం రెండు రాషర్లు. పక్కన ఉడికించిన గుడ్డు, సగానికి కోసి కాల్చిన టమాటాలు, పుట్టగొడుగులు, ముడి గోధుమల రొట్టె. రాషర్లని చల్లటి పెనం మీదే పరిచి, సన్నటి సెగ మీద పెట్టాలి. నూనె చుక్క కూడా అక్కర్లేదు. కొవ్వు నెమ్మదిగా కరిగి, తన కొవ్వులో తనే వేగుతుంది. పెనంలో తెల్లటి నురగ పొంగిందంటే అది నీళ్లు ఎక్కించిన చవక రకం, ఈసారి వేరేది కొనండి. మాడనివ్వకూడదు. రుచి పోవడం ఒక్కటే కాదు, బాగా ఎక్కువ వేడిలో నైట్రైట్ వల్ల నైట్రోసమైన్లు అనే చెడ్డ పదార్థాలు పుడతాయి. బంగారు రంగు రాగానే దించేసి, కాగితం మీద కొవ్వు ఓడ్చాలి.

అసలైన ఆనందం మాత్రం నాకు వారం మధ్యలో దొరికింది. ఒకే ఒక్క స్ట్రీకీ రాషర్‌ని సన్నగా తరిగి పెనంలో వేశాను. కరిగిన కొవ్వులో నలుగురికి సరిపడా క్యాబేజీ తరుగు పోసి, పెద్ద మంట మీద కలియబెట్టాను. ఉప్పు వేయలేదు. చివర్లో కాస్త మిరియాల పొడి. గిన్నెడు క్యాబేజీ అంతటికీ ఆ ఒక్క ముక్క రుచి పట్టింది! మా అమ్మ గుప్పెడు ఎండు రొయ్యలతో దాకెడు వంకాయ కూరని ఎక్కడికో తీసుకెళ్లేది. ఇదీ అదే విద్య. అందుకే స్ట్రీకీకి ఓటేశానన్నాను. దాని కొవ్వే కూర మొత్తాన్ని మోస్తుంది. క్యాబేజీ అంటే పళ్లెం పక్కకి నెట్టే మా మనవడు రెండోసారి వడ్డించమన్నాడు. "అమ్మమ్మా, రేపు కూడా ఇదే చెయ్యి" అన్నాడు. రేపు కాదు నాన్నా, వచ్చే వారం.

ఇక్కడివాళ్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. ఐర్లండులో బేకన్, క్యాబేజీ జోడీ ఇంటింటి వంట. బఠాణీ పప్పు సూప్‌లో బేకన్ వేస్తారు. ఉల్లికాడల పెద్దన్నలా ఉండే లీక్స్‌తో, క్రిస్మస్‌కి చిట్టి క్యాబేజీల్లాంటి బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌తో వేయిస్తారు. వేల్స్‌లో స్వాన్సీ వైపు సముద్రపు నాచుని గంటల తరబడి ఉడికించి లేవర్‌బ్రెడ్ అని చేస్తారు. దాన్ని బేకన్‌తోనూ, కాకిల్స్ అనే చిన్న గుల్లలతోనూ పొద్దున్నే తింటారు. అది రుచి చూడకుండా నేను విమానం ఎక్కను. స్వాన్సీకి రైలు టికెట్లు తీయమని మా అల్లుడికి ఇప్పటికే చెప్పాను.

మీరు ఇక్కడికి వస్తే, లేదా మీ పిల్లలు ఇక్కడే ఉంటే, సూపర్ మార్కెట్లో పెద్ద ప్యాకెట్ జోలికి పోవద్దు. ఇంట్లో ఉంటే చెయ్యి దానిమీదికే పోతుంది. వీధి చివర మాంసం కొట్టుకి వెళ్లండి. డ్రై క్యూర్, స్ట్రీకీ, పొగ పెట్టింది కావాలని అడగండి. వాళ్లు లెక్కపెట్టి కూడా ఇస్తారు. మనిషికి రెండు రాషర్లు ఆదివారానికి. నలుగురికీ కలిపి ఒకటి క్యాబేజీకి.