ఒకే రొట్టె, ఊరికో పేరు

కోస్తాలో బంగాళాదుంప, రాయలసీమలో ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ. దుంప ఒక్కటే అయినా, పేరు పలికిన తీరును బట్టి మనిషిది ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. అమెరికా తూర్పు తీరంలో ఇటువంటి స్థానం ఒక సాండ్‌విచ్‌కు దక్కింది. పొడవాటి రొట్టెను నిలువునా చీల్చి, నడుమ పలుచని మాంసపు ముక్కలు, చీజ్, ఉల్లి, టమాటా పరిచి, కొంచెం నూనె చిలకరించి ఇచ్చే భోజనమది. ఉత్తరాన మైన్ రాష్ట్రం నుండి దక్షిణాన న్యూ ఆర్లియన్స్ వరకు మా కుటుంబం సాగించిన ప్రయాణంలో, నగరం మారినప్పుడల్లా దాని పేరూ మారుతూ వచ్చింది. లోపల ఏముందో తెలియనిదే తినలేని మాబోటి ప్రయాణికులకు ఈ పేర్ల సంగతి కేవలం వినోదం కాదు, ఆకలితో ముడిపడిన విషయం.

మైన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో దీనిని 'ఇటాలియన్' అంటారు. ఇండియా స్ట్రీట్ అనే వీధిలో జొవాన్ని అమాటో అనే ఇటలీ వలసకారుడు రొట్టెలు అమ్మేవాడనీ, రేవు కూలీలు కోరగా రొట్టెను చీల్చి లోపల మాంసం, చీజ్, కూరగాయలు పెట్టి ఇవ్వసాగాడనీ అక్కడివారు చెబుతారు. ఇది 1899 నాటి మాట అని ఆ దుకాణం వారి కథనం. మెత్తని రొట్టె, క్యాప్సికమ్, ఊరవేసిన దోస, ఆలివ్ కాయలు దీని ప్రత్యేకత. అయితే అక్కడి అలవాటు ప్రకారం ఇందులో పెట్టే మాంసం హామ్, అంటే పంది మాంసం. 'ఇటాలియన్' అనే మర్యాదైన పేరు ఆ సంగతి ఎంతమాత్రం చెప్పదు.

దక్షిణానికి దిగి కనెక్టికట్, రోడ్ ఐలాండ్ చేరితే అదే 'గ్రైండర్' అవుతుంది. పైపొర గట్టిగా ఉండి బాగా నమలవలసి రావడం వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు, నౌకా నిర్మాణశాలల్లో లోహాన్ని సానబట్టే కార్మికులను బట్టి వచ్చిందని మరికొందరు అంటారు. దీనిని పొయ్యిలో వేడిచేసి ఇవ్వడం అక్కడ పరిపాటి. బోస్టన్‌లోని పాత ఇటాలియన్ పేటల్లో 'స్పకీ' అనే పేరు కూడా ఉండేది. అది స్పకడెల్లా అనే రొట్టె పేరు నుండి వచ్చింది.

దేశమంతటా వ్యాపించిన పేరు మాత్రం 'సబ్'. రొట్టె ఆకారం జలాంతర్గామిని పోలి ఉండడమే దీనికి మూలం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కనెక్టికట్‌లోని నౌకాదళ స్థావరానికి ఈ సాండ్‌విచ్‌లు పెద్ద ఎత్తున సరఫరా అయ్యాయనీ, అప్పుడే ఈ పేరు పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కానీ డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ నగరపు 1940 నాటి టెలిఫోన్ డైరెక్టరీలోనే 'సబ్‌మెరైన్ సాండ్‌విచ్' అనే ప్రకటన కనబడుతుంది. అమెరికా ఆ యుద్ధంలో ప్రవేశించినది 1941 డిసెంబరులో. కథ ఎంత ముచ్చటగా ఉన్నా విన్నదానిని నిర్ధారించుకోవాలనడానికి ఇదొక చిన్న నిదర్శనం. న్యూజెర్సీలోని పాటర్సన్ నగరవాసులు ఈ పేరు తమ ఊరి కిరాణా వ్యాపారి డొమినిక్ కాంటిదని చెప్పుకుంటారు. ఒకప్పుడు ఇటలీవారు స్థిరపడిన ఆ పాటర్సన్‌లో నేడు అరబ్బు, తుర్కీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. అక్కడి మెయిన్ స్ట్రీట్‌లో కొంతభాగానికి 2022లో 'పాలస్తీనా వే' అని పేరు పెట్టారు. వీధి మీద మనుషులు మారారు, వారితోపాటు రొట్టె లోపలి పదార్థమూ మారింది.

న్యూయార్క్‌లో దీని పేరు 'హీరో'. దీనిని పూర్తిగా తినగలిగినవాడు వీరుడేనని 1930లలో క్లెమెంటైన్ ప్యాడిల్‌ఫోర్డ్ అనే పత్రికా రచయిత్రి అన్నట్లు చెబుతారు. ఆ నగరానికి ఉత్తరాన ఆనుకొని ఉన్న యాంకర్స్ ప్రాంతంలో ఇదే 'వెడ్జ్'.

ఫిలడెల్ఫియాలో మాత్రం దీనిని 'హోగీ' అనాలి, మరో పేరు చెబితే పరాయివారని గ్రహిస్తారు. 1992లో ఆ నగర మేయర్ ఎడ్ రెండెల్ దీనిని నగర అధికారిక సాండ్‌విచ్‌గా ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హాగ్ ఐలాండ్‌లో నెలకొల్పిన నౌకా నిర్మాణశాల 122 ఓడలను నిర్మించింది. అక్కడి ఇటలీ కార్మికులు తెచ్చుకున్న భోజనం నుండే ఈ పేరు వచ్చిందంటారు. అయితే ఆ నిర్మాణశాల మూతపడిన ఎన్నో ఏళ్ళకు గానీ ఈ మాట అచ్చులో విరివిగా కనబడదు.

ఆంగ్లంలో 'హాగ్' అంటే పంది. ఈ మాట విన్న మా పిల్లలు హోగీ మనకు తగదని వెంటనే తీర్మానించారు. కానీ టర్కీ కోడితోనో, ట్యూనా చేపతోనో, కేవలం కూరగాయలతోనో చేసిన హోగీలు అక్కడ సర్వసాధారణం. పేరులో పంది వినబడినంత మాత్రాన అది లోపల ఉన్నట్లు కాదు, పేరులో వినబడనంత మాత్రాన లేనట్లూ కాదు. ఆ నగరంలో ముస్లిం జనాభా గణనీయం, వారిలో ఆఫ్రికన్ అమెరికన్లు ఎక్కువ. అందువల్ల పశ్చిమ ఫిలడెల్ఫియాలో అదే పొడవాటి రొట్టెలో వేడివేడి గొడ్డు మాంసం, చీజ్ కూర్చిన 'చీజ్‌స్టేక్' హలాల్‌గా దొరకడం అరుదైన విషయమేమీ కాదు. అలాంటి దుకాణం లేనిచోట మేము మూడు ప్రశ్నలు అడిగేవాళ్ళం: మాంసం ఎక్కడిది? పెనం వేరా, ఒకటేనా? కోసే కత్తి వేరా? విసుక్కున్నవారు తక్కువ, పెనం కడిగి మరీ వండి ఇచ్చినవారే ఎక్కువ.

చివరి మజిలీ న్యూ ఆర్లియన్స్. అక్కడి పేరు 'పో బాయ్', అంటే పేదబ్బాయి. 1929 జులైలో ఆ నగరపు ట్రామ్ కార్మికులు వెయ్యికి పైగా సమ్మెకు దిగారు. ఒకప్పుడు తామూ ట్రామ్ కండక్టర్లుగా పనిచేసిన బెన్నీ, క్లోవిస్ మార్టిన్ అనే సోదరులు అప్పటికి భోజనశాల నడుపుతున్నారు. సమ్మె ముగిసేవరకు కార్మికులకు ఉచితంగా భోజనం పెడతామని వారు లేఖ ద్వారా హామీ ఇచ్చారు. ఆకలితో కార్మికుడు వస్తుంటే, 'అదిగో మరో పేదబ్బాయి' అంటూ సాండ్‌విచ్ అందించేవారట. రొట్టె కొనలు సన్నబడితే ముక్కలు సమానంగా రావని, జాన్ జెండూసా అనే రొట్టెల తయారీదారు ఈ చివర నుండి ఆ చివరి దాకా ఒకే వెడల్పుగల పొడవైన రొట్టెను వారికోసం రూపొందించాడు. పేదవాడికి వెళ్ళే ముక్క కూడా చిన్నది కారాదన్న ఆ ఆలోచన మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది. పైపొర కరకరలాడుతూ లోపల దూదిలా ఉండే ఆ రొట్టెలో నేడు వేయించిన రొయ్యలు, ఆల్చిప్పల మాంసం, గొడ్డు మాంసం పెడతారు.

ఈ పేర్లన్నీ క్రమంగా 'సబ్' అనే ఒక్క పేరులో కలిసిపోతున్నాయి. 2003లో హార్వర్డ్ భాషా శాస్త్రవేత్తలు జరిపిన మాండలిక సర్వేలో మూడొంతుల మందికి పైగా ఆ మాటే వాడుతున్నట్లు తేలింది. 1965లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో మొదలై ప్రపంచమంతటా విస్తరించిన సబ్‌వే దుకాణాల పాత్ర ఇందులో లేకపోలేదు. మన హైదరాబాదు యువతకు తెలిసినదీ ఆ పేరే. ఒకే పేరు ఉంటే కొనడం సులువే. కానీ 'పో బాయ్' అనే మాట వాడుకలోంచి పోతే, సమ్మెలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన ఆ సోదరుల జ్ఞాపకం కూడా దానితోపాటే పోతుంది. అటువైపు వెళ్ళే పాఠకులు ఈ రొట్టెను ఆ ఊరి పేరుతోనే అడగండి. ఆ తర్వాత లోపల ఏముందో కూడా తప్పక అడగండి.