గుల్‌మర్గ్‌లో కరిగే మంచు

మార్చి నెలాఖరు. శ్రీనగరులో బాదం చెట్లు విరబూసి, దాల్ సరస్సు సమీపాన తులిప్ పూలతోట సందర్శకులకు తలుపులు తెరిచే రోజులు. అక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో, పీర్ పంజాల్ పర్వతశ్రేణి ఒడిలో ఉన్న గుల్‌మర్గ్‌లో మాత్రం శీతకాలం ఇంకా సామాను సర్దుకోలేదు. ఉదయం ఏడు గంటలకు అక్కడి మంచు రాయివలె గట్టిగా ఉంటుంది. అడుగు వేస్తే బూటు కింద గాజుపెంకు విరిగినట్టు చప్పుడవుతుంది. ఫిరన్ల లోపల నిప్పుల కాంగ్రీలు పొదువుకున్న స్లెడ్జివాళ్ళు దారి పక్కన నిలబడి, తంగ్‌మర్గ్ వైపునుంచి వచ్చే మొదటి వాహనం కోసం ఎదురుచూస్తూంటారు. ఈ సంవత్సరానికి వారి పని మరికొద్ది రోజులే.

కాశ్మీరీలు శీతకాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల చిల్లయ్ కలాన్, ఆ తరువాత ఇరవై రోజుల చిల్లయ్ ఖుర్ద్, చివరికి పది రోజుల చిల్లయ్ బచ్చా. పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి అనుకోవచ్చు. చిల్లయ్ కలాన్‌లో కురిసిన మంచు గట్టిపడి నిలుస్తుంది. వసంతంలో కురిసినది వచ్చినంత తొందరగానూ వెళ్ళిపోతుంది. అందుచేత మార్చి చివరలో స్కీ క్రీడాకారుని కాలికింద ఉండేది చాలావరకు నడిశీతకాలంలో పోగుపడిన నిల్వ. ఆ నిల్వ తరగకముందే ఆడుకోవాలి.

సముద్రమట్టానికి సుమారు 8,700 అడుగుల ఎత్తున ఉన్న ఈ పచ్చికమైదానానికి పూర్వం గౌరీమార్గమని పేరు. పదహారవ శతాబ్దంలో కాశ్మీరు పాలకుడైన యూసుఫ్ షా చక్ దీనికి గుల్‌మర్గ్, అంటే పూలమైదానమని పేరు పెట్టినట్లు చెబుతారు. ఆంగ్లేయుల కాలంలో ఇది వేసవి విడిది. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ స్కీ క్లబ్బు నెలకొల్పారు. స్వాతంత్ర్యానంతరం, పర్వతాలలో పోరాడవలసిన సైనికులకు మంచుమీద నడక నేర్పేందుకు 1948లో సైన్యం ఇక్కడ ఒక శిక్షణాలయాన్ని ప్రారంభించింది. ఈనాటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలు అదే.

సామాన్య యాత్రికునికి శిఖరాన్ని అందుబాటులోకి తెచ్చినది మాత్రం కేబుల్ కారు. దీని మొదటి దశ 1998లో గుల్‌మర్గ్ నుంచి సుమారు పది వేల అడుగుల ఎత్తున ఉన్న కాంగ్డూరీ వరకు మొదలైంది. 2005లో రెండవ దశ అఫర్వత్ పర్వతభుజం మీదికి, దాదాపు పదమూడు వేల అడుగులకు చేరింది. పూర్వం గంటల తరబడి కాలినడకన ఎక్కవలసిన కొండ నేడు నిమిషాల ప్రయాణం. కిటికీలోంచి చూస్తే మొదట ఫర్, పైన్ వృక్షాలు కిందికి జారిపోతాయి. తరువాత చెట్టన్నది కనిపించదు. పైన దిగిన తరువాత, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, ఉత్తర దిక్కున 8,126 మీటర్ల నంగా పర్వతం తెల్లని గోడలా లేచి కనిపిస్తుంది.

తొమ్మిది గంటలకే పైకి చేరిన ఉత్సాహవంతులను అనుభవజ్ఞుడైన శిక్షకుడు వెంటనే కిందికి దిగనివ్వడు. కారణం మంచులోనే ఉన్నది. వసంతంలో పగటి ఎండకు పైపొర కరుగుతుంది. మబ్బులేని రాత్రి ఆ వేడిని ఆకాశానికి వదిలేసి మళ్ళీ గడ్డకడుతుంది. రోజూ ఇలా కరిగి పేరుకోవడంలో, కురిసినప్పటి నక్షత్రాకారపు సున్నితమైన రేకులు నశించి, గుండ్రని పలుకులు తయారవుతాయి. తెల్లవారేసరికి ఆ పలుకులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పెచ్చు కడతాయి. దానిమీద స్కీల ఉక్కు అంచులు సైతం పట్టు తప్పుతాయి. పడినవాడు వాలు చివరిదాకా ఆగకుండా జారిపోవచ్చు.

పదిన్నర ప్రాంతంలో ఎండ పనిచేయడం మొదలుపెడుతుంది. తూర్పుముఖపు వాలులు ముందు మెత్తబడతాయి. ఉత్తరముఖపువి ఆలస్యం చేస్తాయి. పైన ఒకటి రెండు అంగుళాల మేర పలుకులు విడివడి నానిన సగ్గుబియ్యంలా అవుతాయి. అడుగున ఉన్న పొర మాత్రం ఇంకా గట్టిగానే ఉంటుంది. స్కీ క్రీడాకారులు ఏడాది పొడవునా కలలుగనేది ఈ గంటన్నర సమయాన్నే. స్కీలు చెప్పినట్టు వింటాయి. మలుపు తిరిగినప్పుడల్లా మంచుపలుకులు సన్నని సవ్వడితో పక్కకు చిమ్ముతాయి. జనవరిలో నడుములోతు మంచులో తడబడిన నూతన విద్యార్థి కూడా ఈ వేళలో తాను నేర్చినవాడినని మొదటిసారి నమ్ముతాడు.

ఆ నమ్మకమే మధ్యాహ్నానికి పరీక్షకు వస్తుంది. పన్నెండు దాటేసరికి కరిగిన నీరు లోపలికి ఇంకుతుంది. స్కీలు ఎవరో వెనుకనుంచి పట్టుకున్నట్టు హఠాత్తుగా ఆగుతాయి. మోకాళ్ళు బెణికేది ఇటువంటప్పుడే. శిక్షకుడు స్కీలు విప్పి మంచులో నిలబడి చూస్తాడు. బూటు చీలమండ దాటి దిగబడితే ఇక చాలునని అర్థం. వాలుమీద చిన్న చిన్న మంచుముద్దలు తమంతట తామే దొర్లుతూంటే అది మరింత స్పష్టమైన హెచ్చరిక. నీరు ఇంకిన పొరకు అడుగున పట్టు సడలి, కొండచరియ మొత్తం ఒక్కసారిగా జారవచ్చు. ఎంతో దూరం నుంచి వచ్చి, రోజంతటికీ డబ్బు చెల్లించిన విద్యార్థి ఇంకొక్కసారి వెళ్ళివద్దామని బతిమాలుతాడు. ఆ రోజు కూలి ఆ విద్యార్థి చేతిలోనే ఉన్నా, మంచి శిక్షకుడు తల అడ్డంగా ఊపుతాడు.

ఆ కాఠిన్యం ఊరికే వచ్చినది కాదు. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మర్గ్ వద్ద విరుచుకుపడిన మంచుచరియ, శిక్షణలో ఉన్న పదిహేడుగురు సైనికులను పొట్టనపెట్టుకున్నది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలులలో ఇద్దరు పోలండు దేశీయులు మరణించారు. ఈ కొండ ఎంత అందమైనదో అంత నిర్దాక్షిణ్యమైనది. ఆ సంగతి పరదేశీయులకంటె స్థానికులకే బాగా తెలుసు.

కొండ ఇచ్చేది కూడా వారికే తెలుసు. తంగ్‌మర్గ్ పరిసర గ్రామాలలో స్లెడ్జి లాగేవారు, స్కీలు అద్దెకిచ్చేవారు, దారి చూపేవారు, టీ దుకాణాలవారు ఎందరో ఈ మంచుమీదనే బతుకుతారు. స్కీ పరికరాల దుకాణదారు కుమారుడైన తంగ్‌మర్గ్ యువకుడు ఆరిఫ్ ఖాన్, నాలుగేళ్ళ వయసులో ఈ వాలుల మీదనే స్కీ కట్టాడు. 2022లో బీజింగ్ శీతకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు అతడే.

అయితే మంచు ఇప్పుడు వేళకు రావడం లేదు. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ వాయుగుండాలు కాశ్మీరుకు శీతకాలపు మంచును మోసుకొస్తాయి. అవి ముఖం చాటేసిన సంవత్సరాన గుల్‌మర్గ్ వెలవెలబోతుంది. 2024 జనవరిలో, చిల్లయ్ కలాన్ నడిమధ్యన, ఇక్కడ గోధుమరంగు గడ్డి కనిపించింది. 2025లో ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. మంచు తక్కువైతే నష్టపడేది యాత్రికుడొక్కడే కాదు. జూన్‌లో లోయలోని వరినాట్లకు పారేది ఈ కొండలమీద కరిగిన నీరే. శిక్షకుని జీతమూ, రైతు మడిలో నీరూ ఒకే నిల్వనుంచి రావలసినవి.

మధ్యాహ్నం రెండు గంటలకు కొండ ఖాళీ అవుతుంది. కాంగ్డూరీ దిగువన మంచు అతుకుల బొంతలా ఉంటుంది గనుక, చివరి భాగం కేబుల్ కారులోనే దిగాలి. కింద, టీ దుకాణంలో గులాబిరంగు ఉప్పుటీ పొగలు కక్కుతూంటుంది. తడిసిన బూట్లు ఎండకు వరుసగా ఆరుతూంటాయి. పక్కన ఒకడు స్కీల అంచులకు తుప్పు పట్టకుండా నూనె రాసి, అడుగున మైనం పట్టించి, గుడ్డలో చుట్టి అటకమీద పెడుతున్నాడు. మళ్ళీ డిసెంబరు వరకు వాటితో పనిలేదు. ఈ వేసవిలో తాను గుర్రం నడుపుతాడు.

మంచు వెనక్కి తగ్గిన అంచున, తడినేలలోంచి చిన్న పసుపుపచ్చని పూలు తల ఎత్తాయి. కాశ్మీరీలు వాటిని విర్కుం అంటారు. మంచు కరిగిన చోటనే పూసి, వసంతం వచ్చిందని అందరికంటె ముందు చెప్పే పువ్వు ఇది. స్లెడ్జివాడు తాడు చుట్టి భుజాన వేసుకుని ఇంటిదారి పడతాడు. పూలను తొక్కకుండా పక్కనుంచి నడుస్తాడు. అతని వెనుక, అఫర్వత్ మీద, పొద్దు వాలుతున్నకొద్దీ మంచు తిరిగి గట్టిపడటం ప్రారంభిస్తుంది.